రెండు తీగల మీద 18 డ్రైవ్‌లు: ఆర్‌ఎస్-485 వైరింగ్‌లో చిక్కు ఎక్కడ పడుతుంది

గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో 18 డ్రైవ్‌లను (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరాలను) ఆర్‌ఎస్-485 అనే రెండు తీగల లైనుతో ఒకే పీఎల్‌సీకి (యంత్రాలను నడిపించే పారిశ్రామిక కంప్యూటర్‌కు) కలిపారు. మోటార్ల వేగం, కరెంటు, ఫాల్టులు అన్నీ కంట్రోల్ రూములో తెర మీద కనపడాలన్నది ఉద్దేశం. కమిషనింగ్ రోజు అన్నీ పలికాయి. నెల తిరక్కుండానే ఫిర్యాదులు మొదలయ్యాయి. ఓ రోజు 7వ డ్రైవ్ పలకదు. మర్నాడు అది బాగానే ఉంటుంది, 12వది పోతుంది. షిఫ్ట్ ఎలక్ట్రీషియన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది. ప్రోగ్రామ్ రాసినవాళ్లు వైరింగ్ తప్పన్నారు, వైరింగ్ చేసినవాళ్లు ప్రోగ్రామ్ తప్పన్నారు. మధ్యలో మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జికి టెన్షన్.

నేను వెళ్లాక చేసిన మొదటి పని అన్నిటికీ పవర్ తీయించి, ఆ రెండు కమ్యూనికేషన్ తీగల మధ్య మల్టీమీటర్ పెట్టడం. 24 ఓమ్‌లు చూపించింది. 60 దగ్గర ఉండాల్సిన అంకె అది. 24 అంటే ఏమిటో, 60 ఎందుకుండాలో అర్థమైతే ఈ నెట్‌వర్క్‌లో వచ్చే తగాదాల్లో సగం తీరిపోతాయి. అక్కడికి చేరాలంటే కాస్త మొదటి నుంచి రావాలి.

లైను వేరు, భాష వేరు

'మోడ్‌బస్ కేబుల్ లాగండి' అనే మాట సైట్‌లో రోజూ వింటాం. నిజానికి మోడ్‌బస్ కేబుల్ పేరు కాదు. మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం 1979లో తెచ్చిన సంభాషణ పద్ధతి అది. ఎవరు ముందు అడగాలి, ప్రశ్న ఏ రూపంలో ఉండాలి, జవాబు ఎలా రావాలి అన్నది చెబుతుంది. ఆర్‌ఎస్-485 అనేది 1983లో వచ్చిన విద్యుత్ ప్రమాణం. తీగల మీద ఎన్ని వోల్టులు ఉంటే 1, ఎన్ని ఉంటే 0 అన్నది చెబుతుంది. ఫోన్ లైను ఒకటే, దాని మీద తెలుగులో మాట్లాడుకోవచ్చు, తమిళంలోనూ మాట్లాడుకోవచ్చు. అలాగే ఇదే ఆర్‌ఎస్-485 లైను మీద మోడ్‌బస్ నడుస్తుంది, 1980ల చివర్లో జర్మనీలో పుట్టిన ప్రొఫీబస్‌లో తర్వాత వచ్చిన డీపీ రకం కూడా నడుస్తుంది.

ఈ తేడా పట్టుకుంటే తప్పు వెతకడం సులువవుతుంది. అడ్రస్ (పరికరం నంబరు), బాడ్ రేట్ (సెకనుకు పంపే బిట్ల సంఖ్య), పారిటీ (తప్పు పట్టడానికి కలిపే అదనపు బిట్) ఇవన్నీ మాట్లాడే తీరుకు సంబంధించినవి. ఇవి తప్పైతే ఆ పరికరం మొదటి రోజు నుంచీ అసలు పలకదు. టెర్మినేషన్ (తీగ కొసన పెట్టే రెసిస్టర్), ఎర్త్, షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు), తీగ వెళ్లిన దారి లైనుకు సంబంధించినవి. ఇవి తప్పైతే ఓసారి పలుకుతుంది, ఓసారి పలకదు. ఈ గీతను దాటే కేసులూ ఉంటాయి. ఒకే అడ్రస్ రెండు పరికరాలకు ఇస్తే అవి ఒకేసారి జవాబిచ్చి లైను తప్పులా కనిపిస్తాయి. అయినా నా అనుభవంలో ముందుగా వేసుకోదగ్గ ప్రశ్న ఇదే: ఎప్పుడూ పలకడం లేదా, అప్పుడప్పుడూ పలకడం లేదా?

రెండు తీగల మధ్య తేడాయే సంకేతం

ఒక తీగ మీద 5 వోల్టులు పెట్టి 1 అని, సున్నా పెట్టి 0 అని చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. టేబుల్ మీద అది నడుస్తుంది. పక్కనే 30 హార్స్‌పవర్ మోటారుకు డ్రైవ్ కేబుల్ వెళ్తుంటే ఆ తీగలో మనం పెట్టని వోల్టేజి కూడా వచ్చి చేరుతుంది. అందుకే ఆర్‌ఎస్-485 రెండు తీగలు వాడి, వాటి మధ్య తేడాను మాత్రమే చూస్తుంది. రెండింటినీ జడలా మెలిపెడితే బయటి నుంచి చేరే ఈ వోల్టేజి, అంటే నాయిస్, రెండింటి మీదా ఇంచుమించు ఒకేలా పడుతుంది. రెండింటికీ 3 వోల్టులు కలిసినా తేడా మారదు. మెలిక లేని మామూలు రెండు కోర్ల వైరు వాడితే ఈ లాభం పోతుంది.

గుర్తుంచుకోదగ్గ అంకెలు మూడే. పంపేవాడు 54 ఓమ్‌ల భారం మీద కనీసం 1.5 వోల్టుల తేడా ఇవ్వాలి. అందుకునేవాడు 200 మిల్లీవోల్టుల తేడా ఉన్నా గుర్తుపట్టాలి. తీగల మీది వోల్టేజి, అందుకునే పరికరం గ్రౌండుతో పోలిస్తే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల లోపలే ఉండాలి. ఈ మూడో అంకెను మరచిపోవడం వల్లే పోర్టులు ఎక్కువగా కాలిపోతాయి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

'ఏ' అంటే ప్లస్సా, మైనస్సా

ఈ రెండు తీగల టెర్మినళ్లకు ఏ, బీ అని పేర్లు. వాటిలో ఏది ప్లస్సో తికమకపడితే అది ఎలక్ట్రీషియన్ తప్పు కాదు. ప్రమాణం రాసినవాళ్లు, చిప్ తయారుచేసినవాళ్లు ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా వాడారు. ప్రమాణం ప్రకారం లైను ఖాళీగా ఉన్నప్పుడు 'బీ' తీగ 'ఏ' కంటే ఎక్కువ వోల్టేజిలో ఉండాలి. అంటే బీ ప్లస్. చాలా చిప్ కంపెనీల డేటాషీట్లలో మాత్రం 'ఏ'యే ప్లస్. పరికరాల తయారీదారుల్లో కొందరు ప్రమాణాన్ని, కొందరు చిప్ డేటాషీటును అనుసరించారు. ప్రొఫీబస్‌లో ఎర్ర తీగ బీ, అది ప్లస్. మార్కెట్లో దొరికే ఎనర్జీ మీటర్లలో చాలావాటికి ఏ ప్లస్.

కాబట్టి అక్షరం చూసి కలపడం నమ్మకమైన పద్ధతి కాదు. పరికరానికి పవర్ ఇచ్చి, లైను విప్పి, టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజి కొలిస్తే, లోపల బయాస్ రెసిస్టర్లున్న (ఖాళీ లైనును ఒక స్థితిలో నిలిపేవి, వాటి సంగతి తర్వాత చెబుతాను) పరికరాల్లో ఏది ప్లస్సో తెలిసిపోతుంది. మీటరు ఏమీ చూపకపోతే తీగలు తారుమారు చేసి చూడటమే. తారుమారైనంత మాత్రాన పరికరం కాలిపోదు, పలకదు అంతే.

తీగ కొసన ప్రతిధ్వని, 120 ఓమ్‌ల అసలు పని

పాత బావిలోకి వంగి కేక వేస్తే అది కిందికి తగిలి తిరిగి వస్తుంది. కేబుల్ కొసన ఏమీ లేకపోతే సంకేతం కూడా అలాగే తిరిగి వస్తుంది. కేబుల్‌కు సహజంగా ఉండే ఇంపిడెన్స్‌కు (పరుగెత్తే సంకేతానికి కేబుల్ చూపే నిరోధానికి) సమానమైన రెసిస్టర్‌ను కొసన పెడితే తిరిగి రావడానికి ఏమీ మిగలదు. ఆర్‌ఎస్-485 కోసం చేసిన కేబుళ్లకు అది మామూలుగా 120 ఓమ్‌లు. తీగకు కొసలు రెండే కాబట్టి రెసిస్టర్లు కూడా రెండే. ఒక కొసన 120, ఇంకో కొసన 120, సమాంతరంగా కలిస్తే 60 ఓమ్‌లు.

మిల్లులో 24 ఎలా వచ్చింది? 120ని 5తో భాగిస్తే 24. ఆ డ్రైవ్‌లలో టెర్మినేషన్ రెసిస్టర్ లోపలే ఉంది, ఒక చిన్న డిప్ స్విచ్‌తో ఆన్ అవుతుంది. కొసన ఉన్న రెండింటిలో ఆన్ చేశారు, సరే. మధ్యలో ఉన్న మరో మూడింటిలో కూడా అది ఆన్‌లో ఉండిపోయింది, మూత తీసి ఎవరూ చూడలేదు. పంపేవాడు 1.5 వోల్టులు ఇస్తానన్న హామీ 54 ఓమ్‌ల భారానికి. రెండు రెసిస్టర్లు, నిండా 32 పరికరాలు కలిస్తే దాదాపు అంతే భారం అవుతుంది. 24 ఓమ్‌ల మీద ఆ హామీ లేదు. సంకేతం బక్కచిక్కి, పక్క షెడ్డులో పెద్ద మోటారు ఎత్తుకున్నప్పుడల్లా ఏదో ఒక డ్రైవ్ మాట వినలేకపోతోంది.

టెర్మినేషన్ అసలు అవసరమా అన్నదాని మీద రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ నిజముంది. అవసరం లేదనేవాళ్ల లెక్క చూద్దాం. సంకేతం కేబుల్‌లో సెకనుకు సుమారు 20 కోట్ల మీటర్ల వేగంతో పోతుంది. 300 మీటర్లు వెళ్లి రావడానికి 3 మైక్రోసెకన్లు. బాడ్ రేట్ 9600 అయితే ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు ఉంటుంది, అందుకునేవాడు దాన్ని నడిమధ్యన, అంటే 52వ మైక్రోసెకన్ దగ్గర చూస్తాడు. అప్పటికి ప్రతిధ్వని పదిహేడు సార్లు అటూ ఇటూ తిరిగి చచ్చిపోయి ఉంటుంది. అందుకే 9600 మీద రెసిస్టర్ లేకుండా ఏళ్లుగా నడుస్తున్న నెట్‌వర్క్‌లు చాలానే ఉన్నాయి.

ప్రొఫీబస్ 12 మెగాబిట్ల వేగంతో ఇదే లెక్క వేస్తే బిట్ నిడివి 83 నానోసెకన్లు. 100 మీటర్ల కేబుల్ దాటడానికి 500 నానోసెకన్లు పడుతుంది. మొదటి బిట్ అవతలి కొసకు చేరేలోపు వెనకాల ఇంకో అయిదు బిట్లు తీగలోనే ప్రయాణిస్తుంటాయి. ఇక్కడ ప్రతిధ్వని నేరుగా తర్వాతి బిట్ల మీద పడుతుంది. అందుకే నెమ్మది లైన్ల మీద సంపాదించిన అనుభవాన్ని వేగం పెరిగినప్పుడు తీసుకొచ్చి వాడకూడదు. నా మట్టుకు నేను 9600 అయినా రెండు కొసలా పెట్టిస్తాను. రేపు ఎవరో బాడ్ రేట్ పెంచుతారు, అప్పుడు కేబుల్ గుర్తుకు రాదు.

ఇంటి వైరింగ్ అలవాటు ఇక్కడ ఎందుకు పనికిరాదు

ఇంట్లో జంక్షన్ బాక్స్ నుంచి ఒక్కో గదికి ఒక్కో వైరు వెళ్తుంది. అదే అలవాటుతో కమ్యూనికేషన్ కేబుల్‌ను కూడా ఒక బాక్స్‌లోకి తెచ్చి, అక్కడి నుంచి ఆరు ప్యానెళ్లకు ఆరు తీగలు లాగుతారు. అప్పుడు కొసలు రెండు కాదు, ఆరు. రెసిస్టర్ ఎక్కడ పెట్టాలి? ఆరింటికీ పెడితే 20 ఓమ్‌లు. రెంటికే పెడితే మిగతా నాలుగు కొసల నుంచి ప్రతిధ్వని. సరైన పద్ధతి పూసల దండలా ఒకదాని నుంచి ఇంకోదానికి గుచ్చుకుంటూ పోవడం. కేబుల్ పరికరం టెర్మినల్‌కు వచ్చి, అదే టెర్మినల్ నుంచి తర్వాతిదానికి వెళ్లాలి. మధ్యలో కొమ్మ తీయాల్సి వస్తే అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ప్రొఫీబస్‌లో 1.5 మెగాబిట్లు దాటితే కొమ్మే ఉండకూడదు. ప్యానెళ్లు నిజంగానే నాలుగు దిక్కులా ఉంటే రిపీటర్ (సంకేతాన్ని అందుకుని మళ్లీ కొత్తగా పంపే పరికరం) లేదా 485 హబ్ పెట్టుకోవచ్చు. అప్పుడు ప్రతి శాఖా తన రెండు కొసలున్న సొంత లైను అవుతుంది.

ఎవరూ మాట్లాడనప్పుడు లైను ఎక్కడుంటుంది

ఈ లైను మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. మాస్టర్ (అడిగేది, ఇక్కడ పీఎల్‌సీ) అడగడం అయ్యాక, స్లేవ్ (జవాబిచ్చేది, ఇక్కడ డ్రైవ్) జవాబు మొదలుపెట్టేలోపు కాసేపు ఎవరూ లైనును పట్టుకుని ఉండరు. అప్పుడు రెండు తీగల మధ్య తేడా దాదాపు సున్నా. అందుకునేవాడికి కావలసింది కనీసం 200 మిల్లీవోల్టులు. అంతకంటే తక్కువుంటే చిన్న నాయిస్‌ను కూడా అక్షరం అనుకోవచ్చు. దీనికి విరుగుడు బయాస్. ప్లస్ తీగను ఒక రెసిస్టర్‌తో 5 వోల్టులకు, మైనస్ తీగను ఇంకో రెసిస్టర్‌తో గ్రౌండుకు కడతారు.

ఎంత రెసిస్టర్? లైను 60 ఓమ్‌లు అనుకుందాం. రెండు వైపులా 1000 ఓమ్‌లు పెడితే మొత్తం 2060, లైను మీద మిగిలేది 5 × 60 ÷ 2060, అంటే 146 మిల్లీవోల్టులు. చాలదు. 560 పెడితే 5 × 60 ÷ 1180, అంటే 254. సరిపోతుంది. 32 పరికరాలు నిండా ఉంటే లైను భారం దాదాపు 52 ఓమ్‌లకు దిగుతుంది, అప్పుడు కూడా 560తో 220 దాకా వస్తుంది. ప్రతి పరికరం దగ్గరా బయాస్ పెడితే మళ్లీ భారం పెరుగుతుంది. లైను మొత్తానికి ఒకచోట, మామూలుగా మాస్టర్ దగ్గర ఉంటే చాలు. ఇప్పటి కొత్త చిప్‌లలో కొన్ని తేడా సున్నా ఉన్నా దాన్ని ఖాళీ లైనుగానే తీసుకునేలా చేశారు. అన్నీ అలాంటివే అయితే బయాస్ లేకపోయినా ఫరవాలేదు. పాతవీ కొత్తవీ కలిసున్న లైనులో ఆ ధీమా పనికిరాదు.

రెండు తీగలంటారు గానీ మూడోది ఉంది

తేడాయే చూస్తాం కాబట్టి గ్రౌండుతో పనిలేదు అనేది ఈ రంగంలో బాగా పాతుకుపోయిన నమ్మకం. మైనస్ 7 నుంచి ప్లస్ 12 అన్న హద్దు దేనితో పోల్చి? అందుకునే పరికరం గ్రౌండుతో పోల్చి. రెండు షెడ్లలో రెండు ఎర్త్ పిట్లు ఉంటే, డ్రైవ్‌ల లీకేజీ కరెంటు, వెల్డింగ్ కరెంటు ఆ ఎర్త్‌లలోంచి పారుతుంటే, ఒక ప్యానెల్ గ్రౌండుకూ ఇంకో ప్యానెల్ గ్రౌండుకూ మధ్య పది పదిహేను వోల్టులు రావడం కష్టమేమీ కాదు. మోడ్‌బస్ సీరియల్ ప్రమాణం అందుకే రెండు తీగలతో పాటు కామన్ అనే మూడో తీగను కూడా అన్ని పరికరాలకూ కలపమంటుంది. పరికరం మీద ఎస్‌జీ, కామ్, జీఎన్‌డీ అని ఏదో ఒక పేరుతో ఆ టెర్మినల్ ఉంటుంది. చాలా సైట్లలో అది ఖాళీగా ఉంటుంది. కేబుల్ కొనేటప్పుడే రెండు జతలున్నది కొంటే రెండో జతను దీనికి వాడుకోవచ్చు.

ఈ విషయం నాకు కళ్లకు కట్టింది ల్యాప్‌టాప్ వల్ల. యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి లైను చూస్తుంటే అంతా చెత్త అక్షరాలు. ఛార్జర్ పీకాను, బాగుపడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ చెత్త. ఛార్జర్ ద్వారా ల్యాప్‌టాప్ గ్రౌండు ఇంకో చోటి ఎర్త్‌కు ముడిపడుతోంది. ఆ తర్వాత నేను ఐసొలేటెడ్ కన్వర్టర్ (రెండు వైపుల మధ్య నేరుగా విద్యుత్ సంబంధం లేనిది) తప్ప ఇంకోటి వాడలేదు. రెండు భవనాల మధ్య లైను వెళ్తుంటే ఐసొలేషన్ ఉన్న రిపీటరో, ఫైబరో పెట్టడం మేలు. పిడుగుపాటు కాలంలో ఆ ఖర్చు కలిసొస్తుంది.

షీల్డ్ సంగతి వేరు. అది కామన్ తీగకు బదులు కాదు, నాయిస్‌ను అడ్డుకునే తొడుగు. దాన్ని ఒక కొసనే ఎర్త్ చేయాలా, రెండు కొసలా చేయాలా అన్నది ఎప్పటికీ తెగని తగాదా. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఒక కొసనే అంటారు. రెండు కొసలా కడితే ఎర్త్‌ల మధ్య తేడా వల్ల 50 హెర్ట్జ్ కరెంటు షీల్డ్‌లో పారుతుంది. సెన్సర్లు పంపే 4-20 మిల్లీయాంపుల సంకేతాలకు అది నిజంగా చేటు. ప్రొఫీబస్ మార్గదర్శకాలు మాత్రం రెండు కొసలా, అదీ వెడల్పాటి క్లాంప్‌తో చుట్టూ పట్టుకునేలా కట్టమంటాయి. డ్రైవ్‌ల నుంచి వచ్చేది ఎక్కువ ఫ్రీక్వెన్సీ నాయిస్. ఒక కొస వదిలేసిన షీల్డ్ దాన్ని సరిగ్గా ఆపలేదు. కాబట్టి జవాబు సైట్‌ను బట్టి ఉంటుంది. ప్యానెళ్లన్నీ మందపాటి ఎర్త్ స్ట్రిప్‌తో ఒకదానికొకటి కట్టి ఉంటే రెండు కొసలా కట్టడం మంచిది. ఎర్త్ మీద నమ్మకం లేని పాత షెడ్డులో ఒక కొసన కట్టడం తక్కువ చెడు. షీల్డ్‌ను జడలా మెలిపెట్టి నాలుగంగుళాల తోకతో ఎర్త్ బార్‌కు బిగించడం మాత్రం ఎక్కడా మంచిది కాదు, ఆ తోక ఎక్కువ ఫ్రీక్వెన్సీలో అడ్డంకిలా పనిచేస్తుంది.

కేబుల్‌ను డ్రైవ్ మోటారు కేబుళ్ల ట్రేలో కలిపి లాగొద్దనీ, దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించమనీ అందరూ చెప్పేదే. క్యాట్-6 వాడొచ్చా అని అడుగుతుంటారు. దాని ఇంపిడెన్స్ 100 ఓమ్‌లు. 120 రెసిస్టర్‌తో కలిస్తే తిరిగొచ్చే ప్రతిధ్వని 9 శాతం, మోడ్‌బస్ వేగాలకు అది లెక్కలోది కాదు. దాని బలహీనత సన్నటి గట్టి రాగి తీగ. కంపించే యంత్రం పక్కన స్క్రూ కింద కొన్నాళ్లకు విరుగుతుంది.

ఊదారంగు కేబుల్‌లో ఉన్న మెలిక

ప్రొఫీబస్ కేబుల్ ఇంపిడెన్స్ 150 ఓమ్‌లు, తొడుగు సాధారణంగా ఊదారంగు. టెర్మినేషన్‌లో 390, 220, 390 ఓమ్‌ల రెసిస్టర్లు మూడు వరసగా 5 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య ఉంటాయి. మధ్యలోని 220 మీద 1.1 వోల్టులు నిలుస్తాయి, అంటే బయాస్ కూడా ఇందులోనే ఉంది. ఆ 5 వోల్టులు కొసన ఉన్న పరికరం నుంచే వస్తాయి. చివరి పరికరాన్ని మెయింటెనెన్స్‌కు ఆఫ్ చేస్తే టెర్మినేషన్ కూడా పోతుంది, దాంతో సంబంధం లేని మధ్య పరికరాలు తప్పులు చూపిస్తాయి. విడిగా పవర్ ఉండే యాక్టివ్ టెర్మినేటర్లు వచ్చింది ఇందుకే. కనెక్టర్ మీది స్విచ్‌కు ఇంకో గుణం ఉంది: చాలా కనెక్టర్లలో అది ఆన్ చేస్తే బయటికి వెళ్లే కేబుల్ తెగిపోతుంది. మధ్యలో ఎవరైనా పొరపాటున ఆన్ చేస్తే దాని తర్వాతివన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. ఒకరకంగా ఇది మేలు, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

తెర నెమ్మదిగా మారుతోందంటే

మిల్లులో మూడు డిప్ స్విచ్‌లు ఆఫ్ చేశాక మీటర్ 60 చూపించింది. తర్వాత కలిపిన ఒక ప్యానెల్‌కు 40 మీటర్ల కొమ్మ లాగి ఉంటే, దాన్ని తీసి లైనులోకి గుచ్చాం. ఫాల్టులు ఆగాయి. ఆపరేటర్ల ఇంకో ఫిర్యాదు మాత్రం మిగిలింది: తెర మీద అంకెలు అయిదేసి సెకన్లకు గానీ మారడం లేదు.

లెక్క వేశాం. బాడ్ రేట్ 9600, ఈవెన్ పారిటీతో ఒక్కో అక్షరానికి 11 బిట్లు, అంటే 1.15 మిల్లీసెకన్లు. పది రిజిస్టర్లు (వేగం, కరెంటు లాంటి విలువలు డ్రైవ్‌లో ఉండే గడులు) చదవడానికి ప్రశ్న 8 అక్షరాలు, జవాబు 25. రెండింటికీ కలిపి 38 మిల్లీసెకన్లు. సందేశాల మధ్య మూడున్నర అక్షరాల నిశ్శబ్దం రెండుసార్లు, 8 మిల్లీసెకన్లు. డ్రైవ్ ఆలోచించడానికి 10 అనుకుంటే మొత్తం 56. అలా 18 డ్రైవ్‌లకు ఒక సెకను. మరి అయిదు ఎక్కడివి?

బేరింగ్ మార్చడానికి ఒక డ్రైవ్‌ను వారం కిందట ఆఫ్ చేశారు. పీఎల్‌సీ దాన్ని ప్రతి చుట్టులోనూ పిలుస్తోంది, ఒక సెకను ఎదురుచూస్తోంది, జవాబు రాక మరో మూడుసార్లు పిలుస్తోంది. ప్రతి చుట్టుకీ నాలుగు సెకన్లు ఆ ఒక్కదాని కోసమే పోతున్నాయి. టైమౌట్‌ను 200 మిల్లీసెకన్లకు తగ్గించి, పలకని డ్రైవ్‌ను నిమిషానికి ఒకసారే పిలిచేలా ప్రోగ్రామ్‌లో నాలుగు లైన్లు మార్చారు. తెర మళ్లీ సెకనుకోసారి మారడం మొదలైంది. ఈసారి తీగను ఎవరూ ముట్టుకోలేదు.